మరుగుదొడ్డిలో నీళ్ళు దిగకపోతే



వరి నాట్లు, మినుము విత్తనం, దోమపోటు మందు, ఇటువంటి సంగతులు చెప్పవలసిన వ్యవసాయ విస్తరణాధికారి ఈపూట మరుగుదొడ్డి గురించి చెప్పబోతున్నాడేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వితే తప్పు లేదు. కాని నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల గ్రామాలలో తిరిగేటప్పుడు పొలం గట్టు మీద మీరు నన్ను అడిగే ప్రశ్నలు ఒక రకం. పని అయినాక ఇంటికి తీసుకొనిపోయి, మజ్జిగ ఇచ్చి, పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇంకొక రకం. "ఏవండీ, మా లెట్రిన్‌లో నీళ్ళు దిగటం లేదు. ఏం చేయమంటారు?" ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మురుగు కాలువ పూడితే చేను మునుగుతుంది. మరుగుదొడ్డి పూడితే ఇంటిల్లిపాదికీ కష్టం వస్తుంది. రెండూ నీరు పారే సంగతులే.

కిందటేడు కార్తీక మాసంలో రేపల్లె వైపు ఒక రైతు ఇంటికి వెళ్ళాను. ఆ ఇంట్లో డెబ్భై ఏళ్ళు దాటిన తల్లి, నెలలు నిండిన కోడలు ఉన్నారు. పది రోజులుగా బేసినులో నీళ్ళు దిగటం లేదు. బయటికి పోవలసి వస్తుందని పెద్దామె పగలల్లా మంచినీళ్ళు తాగటం మానుకున్నది. కోడలు చీకటి పడ్డాక టార్చిలైటు పట్టుకొని మురుగు కాలువ కట్టకు పోతున్నది. రెండుసార్లు ట్యాంకరు పిలిపించి గుంట తోడించారు. తోడించిన నాలుగో రోజుకే మళ్ళీ నిండింది. "అడుగున గట్టిపడిపోయిందండీ. రేపు ఒక మనిషిని దింపి గోకిద్దామనుకుంటున్నాను" అన్నాడు ఆ రైతు. నాకు గుండె ఝల్లుమన్నది. "బాబాయిగారూ, ముందు మూత తీసి చూద్దాం" అన్నాను.

మూత పక్కకు జరిపి, దూరంగా నిలబడి కాసేపు గాలి పోనిచ్చాం. తరువాత టార్చి వేసి చూశాం. గుంటలోని నీరు, ఇంటి పక్క బోదెలోని నీరు ఒకే మట్టంలో ఉన్నాయి. పొడుగు కర్ర దించి చూస్తే అడుగున మడ్డి మూరెడు కూడా లేదు. మిగిలినదంతా నేలలో ఊరిన నీరే. "బాబాయిగారూ, మీరు డబ్బిచ్చి తోడించింది కాలువ నీళ్ళండీ" అంటే ఆయన కాసేపు మాట్లాడలేదు. లేని మడ్డి కోసం ఒక మనిషిని ఆ గుంటలోకి దింపబోయారు!

కాబట్టి ఈపూట నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. మందు వేసే ముందు జబ్బు ఎక్కడున్నదో చూడండి. పైరు ఎర్రబడగానే యూరియా బస్తా విప్పవద్దు, ముందు దుబ్బు పీకి వేరు చూడండి అని మీకు చెపుతూ ఉంటాను గదా. ఇక్కడా అంతే.

నీళ్ళు దిగకపోవటానికి మూడే చోట్లు ఉన్నాయి. ఒకటి, బేసిను కింద ఉండే వంపు. రెండు, ఆ వంపు నుంచి గుంటకు పోయే గొట్టం. మూడు, గుంట. ఈ మూడింటిలో ఏది కారణమో తెలుసుకోవటానికి మేస్త్రీ అక్కరలేదు. బేసినుకు, గుంటకు నడుమ చిన్న తొట్టి ఉంటుంది. దానిని ఛాంబరు అంటారు. రెండు గుంటలున్న ఇళ్ళలో గొట్టం అక్కడే రెండుగా చీలుతుంది. ఆ ఛాంబరు మూత తీయండి. బేసినులో నీరు నిలిచి ఉండి ఛాంబరు ఖాళీగా ఉన్నదనుకోండి, అడ్డు వంపులోనో, ఛాంబరు వరకు వచ్చే గొట్టంలోనో ఉన్నది. ఛాంబరు కూడా నిండి ఉంటే అడ్డు ఆవల ఉన్నది. అప్పుడు గుంట మూత కొంచెం జరిపి, నేను చెప్పినట్లు గాలి పోనిచ్చి చూడవలెను. గుంటలో నీటి మట్టం గొట్టం మూతికి కింద ఉంటే అడ్డు ఆ గొట్టంలోనే ఉన్నది. గొట్టం మూతి మునిగి ఉంటే గుంట నిండినదన్నమాట. నిండినది మడ్డితోనా, ఊట నీటితోనా అనేది కర్ర చెపుతుంది. కర్ర తేలికగా దిగి ఎక్కడ బిగుస్తుందో అక్కడి నుంచి మడ్డి.

ఇక ఒక్కొక్కదానికి మందు చెపుతాను.

మొదట వంపు సంగతి. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి ఉంటుంది. గుంటలోని వాసన, ఈగలు పైకి రాకుండా ఆ నీరే మూతలాగా పనిచేస్తుంది. ఇది నిన్న మొన్నటిది కాదు. లండనులో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ అనే ఆయన 1775లోనే ఇటువంటి వంపు గొట్టానికి పేటెంటు పొందాడు. మన గ్రామాల మరుగుదొడ్ల కోసం ఏర్పరచిన బేసిను బాగా వాలుగా ఉంటుంది. దాని వంపులో నిలిచే నీటిమూత 20 మిల్లీమీటర్లు, అంటే ముప్పాతిక అంగుళం మాత్రమే. అందుచేత రెండు లీటర్ల నీళ్ళు ఊపుగా పోస్తే చాలు, దిగిపోతుంది. అందంగా ఉన్నదని పట్నపు బేసిను తెచ్చి పెట్టుకొని చెంబెడు నీళ్ళతో సరిపెడితే మాత్రం అది తరచు పూడుతుంది. దాని వాలు తక్కువ, వంపు లోతు ఎక్కువ. అటువంటి బేసినున్నవారు నీళ్ళు ఎక్కువ పోయవలసినదే.

వంపు పూడినప్పుడు చాలామంది చేసే పని ఇంకా నీళ్ళు కుమ్మరించటం. దానితో బేసిను పొంగి గది అంతా పాడవుతుంది. ముందు నీళ్ళు పోయటం ఆపండి. ఎక్కువగా ఉన్న నీటిని పాత డబ్బాతో బకెట్టులోకి తోడండి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. లేకపోతే ప్లాస్టిక్ సంచులైనా కట్టుకోండి. బజారులో కర్రకు రబ్బరు గిన్నె బిగించినది అమ్ముతారు. దానిని వంపు మూతి మీద నీటిలో మునిగేటట్లు ఆనించి, నెమ్మదిగా నొక్కి, గట్టిగా పైకి లాగండి. ఇట్లా ఇరవైసార్లు చేయండి. లాగటంలోనే ఉంది పట్టు. అడ్డు కదిలి వదులవుతుంది. అది దొరకకపోతే పొడుగు కర్ర చివర పాత గోనె ముక్క బంతిలాగా చుట్టి, గుడ్డ ఊడకుండా తాడుతో బిగించి వాడుకోవచ్చు.

అప్పటికీ కదలకపోతే బకెట్టు గోరువెచ్చని నీటిలో గుప్పెడు సబ్బు పొడి కలిపి నెమ్మదిగా పోసి, గంటసేపు వదిలి, మళ్ళీ నొక్కి లాగండి. సలసల కాగే నీళ్ళు పోయరాదు. పింగాణి చిట్లుతుంది, ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి వంగుతుంది. ఆ తరువాత సన్నని వెదురు బద్ద, నునుపుగా చెక్కినది, వంచి వంపులోకి పంపండి. ఛాంబరు వైపు నుంచి కూడా బద్దను వెనక్కు పంపి చూడవచ్చు. గొట్టంలో అడ్డు ఉన్నా ఇదే పద్ధతి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొత్తగా కాపురం పెట్టినప్పుడు తెనాలిలో అద్దె ఇంట్లో ఇదే ఇబ్బంది వచ్చింది. తొందరపడి ముందు ఆసిడు సీసా పోశాను. కదలలేదు. తరువాత ఇనుప చువ్వ తెచ్చి పొడిచాను. టక్కుమని శబ్దం వచ్చింది, నీళ్ళు దిగాయి. గెలిచాననుకున్నాను. వారం తిరగకముందే గది అంతా కంపు. వంపు పగిలి, నీటిమూత పోయింది. నేల తవ్వించి కొత్త బేసిను వేయించవలసి వచ్చింది. పైగా ఆ అడ్డు ఏమిటనుకున్నారు? గిన్నెలు తోమే కొబ్బరి పీచు. వెదురు బద్దతో పోయేది.

ఆసిడు విషయంలో ఇంకొక హెచ్చరిక. ఆసిడు పోసినచోట బ్లీచింగు పొడి చల్లరాదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఆసిడు చేతులను, కళ్ళను పాడుచేస్తుంది, గుంటలో మలాన్ని చివికించే సూక్ష్మజీవులకూ హాని చేస్తుంది. పశువుల పెంటపోగు మీద ఆసిడు పోస్తే ఎరువవుతుందా? ఇదీ అంతే.

గుంట మడ్డితో నిండినప్పుడు ఏం చేయవలెను? రెండు గుంటలుంటే సులభం. ఛాంబరులో నిండిన గుంట వైపు మూతిని ఇటుక పెట్టి బంకమట్టితో మూసి, రెండవ గుంట వైపు తెరవండి. ఎప్పుడూ ఒక మూతి మాత్రమే తెరిచి ఉండవలెను. రెండూ తెరిచి ఉంచితే రెండూ ఒకేసారి నిండుతాయి, అప్పుడు రెండు గుంటలు తవ్వించినా ఒక్కటి తవ్వించినట్లే. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కార్యక్రమంలో గ్రామాలకు సిఫార్సు చేసినది ఈ రెండు గుంటల పద్ధతినే. కాని నేను చూసిన చాలా ఇళ్ళలో రెండు చిన్న గుంటలకు బదులు ఒకే గుంట తవ్వి, లోతు ఎక్కువైతే మంచిదని వరల మీద వరలు దించారు. డెల్టాలో లోతు పెంచితే గుంట నీటిలోకి దిగుతుందే గాని, చోటు పెరగదు.

సెప్టిక్ ట్యాంకు ఉన్నవారు రెండు మూడేళ్ళకు ఒకసారి మిషనుతో మడ్డి తోడించుకోవలెను. పొంగేదాకా ఆగరాదు. తోడినదాన్ని ఎక్కడ వదులుతున్నారో కూడా అడగండి. మన ఊళ్ళలో మంచినీటి చెరువులు నింపుకునేది కాలువ నీటితోనే. కాలువలో వదిలితే అది తిరిగి మన బిందెలోకే వస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఏ గుంటలోకి గాని, ట్యాంకులోకి గాని మనిషి దిగరాదు. మీరు దిగరాదు, ఇంకొకరిని దింపరాదు. పేడ గుంట నుంచి గోబర్ గ్యాసు వస్తుందని మీకు తెలుసు. అదే మండే వాయువు ఈ గుంటలోనూ పుడుతుంది. అందుకే మూత తీసినచోట బీడీ, అగ్గిపుల్ల, దీపం పనికిరావు. దానితోపాటు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే విషవాయువు ఉంటుంది. కొంచెముంటే వాసన తెలుస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. వాసన లేదు గదా అని దిగినవాడు రెండు ఊపిరులలో పడిపోతాడు. వాడిని తీద్దామని దిగిన అన్న, కొడుకు కూడా పోతారు. ఇట్లా ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన సంఘటనలు పత్రికలలో చదువుతూనే ఉన్నాం. ఎవరైనా పడిపోతే దిగవద్దు. కేకవేసి, 101కి ఫోను చేసి అగ్నిమాపక దళాన్ని, 108కి చేసి అంబులెన్సును పిలవండి.

చట్టం కూడా ఇదే చెపుతున్నది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపటాన్ని 2013లో వచ్చిన చట్టం నిషేధించింది. ఈ పనిలో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దానిని ముప్పై లక్షలు చేసింది. కాని సోదరులారా, ఎన్ని లక్షలిచ్చినా పోయిన మనిషి రాడు. మన ఇంటి మడ్డి కోసం ఇంకొక ఇంటి దీపం ఆర్పవద్దు.

ఇక మన నేలల సంగతి. తెనాలి చుట్టుపక్కల బరువైన నల్లనేల. తడిస్తే ఉబ్బి, నీటిని నెమ్మదిగా పీల్చుతుంది. వేసవిలో నెర్రెలు విచ్చి గొట్టాల అతుకులు కదులుతాయి. ఇక్కడ స్నానపు నీళ్ళు గుంటలోకి వదలటం పెద్ద తప్పు. లెక్క చూడండి. ఇంట్లో అయిదుగురుంటే, మనిషికి ఇరవై లీటర్ల బకెట్టు ఒక్కటే అనుకున్నా రోజుకు నూరు లీటర్లు. దొడ్డికి పోసేది మనిషికి రోజుకు పది లీటర్లనుకున్నా యాభై. స్నానపు నీటిని అరటి మొక్కల వైపు మళ్ళిస్తే గుంట మీద భారం మూడింట రెండు వంతులు తగ్గుతుంది. నల్లనేలలో గొట్టానికి మూరకు అంగుళంన్నర వాలు ఇచ్చి, కింద ఇసుక పరచి గట్టిగా ఆనించండి.

బాపట్ల వైపు సముద్ర తీరానికి పోతే ఇసుక నేల. అక్కడ గుంట తొందరగా నిండదు. ఎంత పోసినా పీల్చుకుంటుంది. మంచిదే అనుకుంటాం. కాని ఆ ఇసుకలో అడుగున ఉప్పునీరు, దాని మీద పలచని తీపినీటి పొర ఉంటుంది. దొరువులు తవ్వి తోటలు తడుపుకునేది, చేతిపంపుతో తోడుకునేది ఆ పొర నుంచే. గుంట నీరు ఇసుకలో దిగి అందులోనే కలుస్తుంది. అందుచేత బావికి, పంపుకు గుంటను కనీసం పది మీటర్ల దూరాన, అంటే ముప్పైమూడు అడుగులకు తగ్గకుండా పెట్టండి. గుంట అడుగున బంకమట్టి కొట్టి, చుట్టూ అడుగున్నర మందాన సన్నని ఇసుక నింపండి. ఆ సన్న ఇసుక వడపోత గుడ్డలాగా పనిచేస్తుంది. ఇక్కడ పూడలేదని సంతోషించటం కంటె, పోయేది ఎక్కడికో చూసుకోవటం ముఖ్యం.

రేపల్లె వైపు పల్లపు నేల. కాలువలు వదిలి, చేలు నిండి, వానలు తోడైనాయంటే నేలలో నీరు జానెడు లోతుకు వస్తుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగినప్పుడు లంక గ్రామాలు ఏమైనవో మీరే చూశారు. ఇటువంటిచోట వానకాలంలో గుంట తోడించటం డబ్బు దండుగ. పక్క బావిలోనో, బోదెలోనో నీటి మట్టం చూడండి. గుంటతో సమానంగా ఉంటే ట్యాంకరును పిలవకండి. స్నానపు నీరు మళ్ళించండి, దొడ్డికి పోసే నీరు పొదుపుగా పోయండి, నేల ఆరేదాకా ఓర్చుకోండి. ముసలివారికి, గర్భిణీలకు ఇరుగుపొరుగు మెరక ఇళ్ళవారు తమ దొడ్డి వాడుకోనిస్తే అంతకంటె పుణ్యం లేదు. వరద తీసిన తరువాత బేసినులో, ఛాంబరులో చేరిన ఒండ్రు తీసి, గది కడిగి బ్లీచింగు చల్లండి.

దీనికి శాశ్వతమైన మందు ఎత్తు పెంచటమే. వేసవిలో, నేల ఆరినప్పుడు, వానకాలంలో నీరు నిలిచే మట్టానికి ఒక అడుగు పైకి వచ్చేటట్లు గుంట పై అంచు లేపి, చుట్టూ మూడు నాలుగు అడుగుల మేర మట్టి పోసి దిమ్మెస కొట్టండి. గుంటకు తగినట్లు బేసిను కూడా ఎత్తుగా, రెండు మెట్లు కట్టి పెట్టుకోవలెను. గుంటలోకి దిగే గొట్టం మూతి ఎన్నడూ ఊటనీటిలో మునగరాదు. నేను చెప్పిన ఆ రైతు వైశాఖంలో ఇట్లాగే చేశాడు. ట్యాంకరుకు పోసిన డబ్బు ముందే దీనికి పెట్టి ఉంటే సగం పని అయిపోయేదన్నాడు. మొన్న వానల్లో వెళితే పెద్దామె నన్ను చూసి, "నీళ్ళు తాగుతున్నాను నాయనా" అన్నది. అంతకంటె నాకు వేరే బహుమానం అక్కరలేదు.

మూసిన గుంటలోని సరుకు సంగతి మీరు తప్పక అడుగుతారు. పొడి నేలలో రెండేళ్ళు కదిలించకుండా వదిలితే అది నల్లని మట్టిలాగా, వాసన లేకుండా తయారవుతుంది. మంచి ఎరువే. కాని నీటిలో మునిగిన గుంటలో తొందరగా చివకదు, ఏలికపాముల గుడ్లు చాలాకాలం బతికి ఉంటాయి. వేసవిలో, గుంట పూర్తిగా ఆరినాక, అదీ నేల మీద నిలబడి పొడుగు పారతోనే తీయండి. ఎండలో ఆరబెట్టి కొబ్బరి, నిమ్మ చెట్ల పాదుల్లో పూడ్చండి. ఆకుకూరలకు, పచ్చిగా తినే ముల్లంగి, దోస వంటివాటికి వేయరాదు. తడిగా, వాసనగా ఉంటే ఇంకా పండలేదని అర్థం. మళ్ళీ మూసి ఉంచండి.

చివరగా, పూడకుండా ఉండటానికి రోజూ పాటించవలసినవి. కూర్చునే ముందు బేసినును చెంబెడు నీళ్ళతో తడపండి, మలం అంటుకోదు. తరువాత రెండు లీటర్లు ఒక్క ఊపున పోయండి. గుడ్డలు, ప్యాడ్లు, పిల్లల డైపర్లు, షాంపూ కాగితాలు, బీడీ ముక్కలు, తల వెంట్రుకలు, బూడిద, కొబ్బరి పీచు, మిగిలిన అన్నం, ఇవేవీ అందులో వేయరాదు. గదిలోనే మూతగల డబ్బా ఒకటి పెడితే ఆడపిల్లలు సిగ్గుతో అందులో పడవేయవలసిన అవసరం ఉండదు. దీనికి ఇంటి మగవాళ్ళు పూనుకోవలెను.

మళ్ళీ ఒక్కసారి చెపుతాను. నీళ్ళు దిగకపోతే ముందు ఛాంబరు మూత తీసి చూడండి. వంపు పూడితే నొక్కి లాగండి, చువ్వ వద్దు, ఆసిడు వద్దు. మడ్డి నిండితే గుంట మార్చండి. ఊటనీరు నిండితే తోడకండి, ఎత్తు పెంచండి. ఏది ఏమైనా మనిషిని మాత్రం దింపకండి.

వచ్చే వేసవి లోపల మీ గుంట మట్టం ఒకసారి కొలుచుకొని ఉంచండి. నేను మీ ఊరు వచ్చినప్పుడు చేను చూపించిన తరువాత అదీ చూపించండి. గొంతు తగ్గించి అడగవలసిన పని లేదు.

సెలవు.